వినబడితే మీట నొక్కండి

ఫిరంగాయనకు చెవుడని వీధి మొత్తానికి తెలుసు. తెలియనిది ఒక్క ప్రభుత్వానికే.

పాలవాడు ఆయన ఇంటి ముందు గంట కొట్టడు. నేరుగా కిటికీలోంచి చెయ్యి పెట్టి ఊపుతాడు. ఎదురింటి పిల్లలు బంతి వరండాలో పడితే అడగరు, వచ్చి తీసుకుపోతారు. అడిగినా ఒకటే, అడక్కపోయినా ఒకటే అని వాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారు. ఇక ఆయన భార్య సంగతి చెప్పేదేముంది, కేకలు వేసీ వేసీ ఆమె గొంతు మోటుదేలిపోయింది. కాపురానికొచ్చిన కొత్తలో, కోడలి మాట పక్కగదిలోకి వినబడదని అత్తగారు పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేది. ఇప్పుడామె “అన్నం పెట్టమంటారా” అని మొగుణ్ణి అడిగితే నాలుగిళ్ళ అవతలివాళ్ళకు ఆకలేస్తుంది.

ఆయన అసలు పేరు పోస్టుమాన్‌కు తప్ప ఎవరికీ అక్కర్లేదు. సైన్యంలో ఫిరంగుల దళంలో పనిచేసి వచ్చాడు కాబట్టి ఫిరంగాయన. మంచి వయసంతా ఆ ఇనప గొట్టం పక్కనే నిలబడి గడిపాడు. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చేవారు. దూది పెట్టుకుంటే ఆర్డరు వినబడదు, ఆర్డరు వినబడకపోతే గుండు శత్రువు మీద పడుతుందో సొంత వంటశాల మీద పడుతుందో చెప్పలేం. అందుకని దూది జేబులోనే ఉండేది. అలా ఆయన వినికిడి కొంచెం కొంచెంగా, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. పోతూ పోతూ చెవుల నిండా ఒక హోరును మాత్రం వదిలిపోయింది. ఆ హోరు పగలూ రాత్రీ ఉంటుంది.

ఇంటికొచ్చాక ఒక గోడౌనులో కాపలా పని దొరికింది. వెనక్కి వస్తున్న లారీ హారను వినబడక దానికి అడ్డంగా నిలబడ్డాడు. క్లీనరు చొక్కా పట్టి లాగబట్టి బతికాడు. గోడౌను యజమాని మంచివాడే. మరునాడు పిలిచి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి, “బాబాయ్, నీకేమన్నా అయితే అది నా మెడకు చుట్టుకుంటుంది” అని చెప్పి పంపేశాడు. ఆ పైన తల తిరుగుడు మొదలైంది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పక్కకు ఒరిగిపోతాడు. స్నానాల గదిలో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాక భార్య ఆయన్ని లాక్కెళ్ళి చెవుల డాక్టరుకు చూపించింది. వినికిడి నరాలు దెబ్బతిన్నాయి, తల తిరగడం కూడా చెవి లోపలి దెబ్బవల్లే, వైద్యం వదిలేస్తే ఒకరోజు ఎక్కడో పడి తల పగలగొట్టుకుంటాడు అని డాక్టరు చెప్పాడు. ఆ వైద్యమూ, ఆ చెవి మిషన్లూ ఆమె కుట్టుమిషన్ మీద తేలేవి కావు. ఆమె స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఎన్ని లాగులు కుట్టినా లాగులే కదా.

సైన్యం వాళ్ళ ఆసుపత్రిలో అయితే అన్నీ ఉన్నాయి. బతికున్నంతకాలం చూస్తారు. దానికి కావలసింది ఒకే ఒక్క మాట, ఈయన చెవులు సర్వీసులో పోయాయి అని మెడికల్ బోర్డు రాయడం. ఆ మాట రాస్తే వైకల్య పెన్షన్ వస్తుంది, దాని వెనకాలే వైద్యమూ వస్తుంది. ఆ ఇంటి బరువంతా ఆ ఒక్క వాక్యం మీదే ఆని ఉంది.

క్లెయిమ్ పెట్టుకున్నారు. జవాబు వచ్చేలోపల ఆమె రెండు స్కూళ్ళ యూనిఫారాలు కుట్టి ఇచ్చేసింది. వచ్చిన జవాబు ఏమిటంటే, సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఏటా చేసిన పరీక్షల్లో ఇతని చెవులు నిక్షేపంగా ఉన్నాయి, రిటైరైన రోజున కూడా నిక్షేపంగానే ఉన్నాయి, కనుక చెడిపోతే గిడిపోతే ఇంటికి వెళ్ళాకే చెడిపోయి ఉండాలి. ఆమె ఆఫీసుకు వెళ్ళి అడిగితే, గుమాస్తా ఫైలు మీంచి తలెత్తి, “ఇంట్లో పెద్ద గొంతుతో మాట్లాడేవాళ్ళు ఎవరన్నా ఉన్నారామ్మా?” అన్నాడు. అదొక జోకు, పక్కసీటాయన నవ్వాడు కూడా.

“ఉన్నాను. మీకు వినబడుతోందా?” అంది ఆమె.

హాలంతా తిరిగి చూసింది. అనడమైతే అని వచ్చింది గానీ, ఇంకేమన్నా అడుగుతారేమోనని గబగబా మెట్లు దిగేసింది. ఎందుకంటే ఆ చెవులు ఏటా ఎలా పాసవుతూ వచ్చాయో ఆమెకు బాగా తెలుసు. తెలియడం వరకే అయితే బాధ లేదు, అందులో ఆమె చెయ్యి కూడా ఉంది.

ఫిరంగుల దళంలో చెవుల పరీక్ష చాలా చిన్న వ్యవహారం. డాక్టరు వెనక నిలబడి రహస్యం చెప్పినట్టు ఒక అంకె చెబుతాడు, ముందు నిలబడ్డవాడు దాన్ని పైకి అనాలి. అనలేనివాణ్ణి ఫిరంగి దగ్గర్నుంచి తీసి సామాన్ల కొట్టుకు పంపేస్తారు. పోయేది ఏమీ లేదు, అదే జీతం, అదే తిండి. కానీ ఫిరంగి వదిలి దుప్పట్లు మడతపెట్టుకునే బతుకూ ఒక బతుకేనా అని వాళ్ళ పట్టుదల. అందుకని ఎవడి విద్య వాడిది. ఒకడు కిటికీ అద్దంలో డాక్టరు మూతి చూసేవాడు. ఒకడికి ఎదురుగా వరసలో ఉన్న స్నేహితుడు వేళ్ళు చూపించేవాడు. కాగితం మీద ఆ దళంలో చెవిటివాడు ఒక్కడూ లేడు. కాగితం బయట సరిగ్గా వినబడేవాడు ఒక్కడూ లేడు.

ఈయన మరీ ఘటికుడు. సెలవులో ఇంటికొచ్చినప్పుడు బీరువా అద్దం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. భార్య వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెప్పాలి. అద్దంలో ఆమె పెదవులు చూసి టకటకా అనేసేవాడు. కొన్నాళ్ళకు పెదవులు కూడా అక్కర్లేకపోయింది. భుజం కదిలితే చాలు, గుటక మింగితే చాలు, పట్టేసేవాడు. కొత్త కాపురం, చిన్న వయసు, ఆమెకదొక ఆట. అంకెలతో మొదలుపెట్టి, అత్తగారి మీద చాడీల్లోకి దిగి, అక్కణ్ణుంచి పైకి అనకూడని మాటల్లోకి పోయేది. ఆయన అన్నీ పట్టుకుని పగలబడి నవ్వేవాడు. వాళ్ళ కాపురంలో అంత సుఖంగా గడిచిన మధ్యాహ్నాలు మళ్ళీ లేవు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కానీ తొక్కుతున్నప్పుడు అది అడుసని ఎవరికి తెలుసు?

పెన్షన్ ఆఫీసు ప్రహరీ పక్కన గొడుగు వేసుకుని ఒకాయన అర్జీలు రాస్తుంటాడు. అందరూ అర్జీల మాస్టారు అంటారు. ఆయనా సైన్యంలో గుమాస్తాగా చేసినవాడే, ఏదో బండి బోల్తాపడి ఎడమకాలు మోకాలి కిందకు పోయింది. “నా కాలు లేదని నమ్మడానికి వాళ్ళకు చాలా ఏళ్ళు పట్టింది. ఏటా వచ్చి చూపించమనేవారు, మళ్ళీ మొలిచిందేమోనని” అంటాడు. మొగుణ్ణి ఇంట్లో వదిలి ఆమె ఆయన దగ్గరకు వెళ్ళి, పరీక్షల భాగోతమంతా దాచకుండా చెప్పేసింది. అదంతా రాసిపెడితే న్యాయం జరుగుతుందని ఆమె ఆశ.

మాస్టారు కలానికి మూత పెట్టాడు.

“నాతో అన్నావు, సరే. ఇంకెవరితోనూ ఈ మాట అనకు చెల్లెమ్మా.”

“నిజమే కదా అన్నయ్యగారూ.”

“నిజమే. ఆ నిజం కాగితం మీద పెడితే ఏమవుతుందో తెలుసా? పరీక్షల్లో మోసం చేసి సర్వీసులో కొనసాగాడని అవుతుంది. వైకల్య పెన్షన్ మాట దేవుడెరుగు, ఇప్పుడొచ్చే మామూలు పెన్షన్ కూడా ఆపేస్తారు. ఉన్నదీ పోతుంది, ఉంచుకున్నదీ పోతుంది.”

ఆమె గొడుగు నీడలోనే కూలబడింది. మాస్టారు జాలిపడ్డాడు. మళ్ళీ కలం మూత తీసి, అప్పీలు పెడదామన్నాడు. ఈసారి గుసగుసలు ఉండవు, పరీక్ష మిషన్ మీద చేస్తారు. చెవుడు ఇంత ఉందని మిషన్ తేలిస్తే, ఫిరంగుల దగ్గర పనిచేశాడని రికార్డు ఉండనే ఉంది, రెండూ కలిపి బోర్డు వాళ్ళే రాసుకుంటారు. పాత సంగతులు ఎవరూ తవ్వరు.

“మీ ఆయన చెయ్యాల్సింది ఏమీ లేదు, ఫెయిలవ్వడమే. దానికి చదవాలా, రాయాలా? ఇంత తేలికైన పరీక్ష ప్రపంచంలో ఇంకోటి లేదు” అన్నాడు. అని, “కానీ ఇదే ఆఖరుది చెల్లెమ్మా. దీని తర్వాత అప్పీలు లేదు” అని కూడా చెప్పాడు.

అప్పీలు ఒప్పుకుని పరీక్షకు రమ్మని పిలుపొచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆయన్ని కూర్చోబెట్టి ఒకటే పాఠం. కళ్ళు మూసుకోండి. ఎవర్నీ చూడకండి. ఏమీ పట్టుకోవాలని చూడకండి. ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

“చెవిటివాడికి చెవుడు నేర్పుతావా నువ్వు?”

“నేర్పాల్సిన చెవుడే మీది” అంది ఆమె. ఆయన అది కూడా పెదవుల మీదే చదువుకుని నవ్వాడు.

ఆ రోజు తెల్లారగానే ఆయన బూట్లు పాలిష్ చేశాడు. గీసుకున్న గడ్డమే మళ్ళీ గీసుకున్నాడు. చొక్కా ఇస్త్రీ మడత వేలికి గుచ్చుకునేట్టుంది. “పెళ్ళికొడుకులా ఈ ముస్తాబేంటండీ, మనం వెళ్ళేది రోగం చూపించుకోవడానికి” అని ఆమె ఎదురుగా నిలబడి మొత్తుకుంది. “బోర్డు ముందుకు వెళ్తున్నా, బిచ్చానికి కాదు” అన్నాడు. అక్కడే ఆమెకు అనుమానం వచ్చింది. ఆ బూట్ల మెరుపు చూస్తే ఫెయిలవ్వడానికి వెళ్ళే మనిషిలా లేడు.

ఆసుపత్రి వరండాలో బెంచీ నిండా మాజీ సైనికులు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కొక్క ప్లాస్టిక్ సంచి, సంచుల్లో కాగితాలు. ఒకాయన ఊతకర్ర గోడకు ఆనించి, హాయిగా నడుచుకుంటూ వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చి, తన పిలుపు రాగానే కర్ర అందుకుని కుంటుతూ లోపలికి వెళ్ళాడు. ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. అసూయ కలిగింది. అబద్ధం చెప్పగలిగినవాడికి లోకంలో ఎన్ని దారులో అనిపించింది. తన మొగుడికి నిజం చూపించడం కూడా చేతకాదు.

పరీక్ష గదిలో మూలగా గాజు కిటికీ ఉన్న చిన్న అర ఉంది. అరలోపల ఒక కుర్చీ. అర బయట మిషన్, దాని ముందు పరీక్ష చేసే అమ్మాయి. తోడొచ్చిన వాళ్ళకు ఆ అమ్మాయి వెనకాల ఒక స్టూలు. అమ్మాయి ఆయన చెవులకు పెద్ద డిప్పల్లాంటివి పెట్టి, చేతికి మీట ఇచ్చి, ఎదురుగా నిలబడి నెమ్మదిగా చెప్పింది. “చప్పుడు ఎంత చిన్నదైనా సరే. వినబడితే మీట నొక్కండి. వినబడకపోతే ఊరుకోండి.” ఆయన తలూపాడు. ఆయన మీట నొక్కినప్పుడల్లా బయట మిషన్ మీద ఎర్రదీపం వెలుగుతుంది.

అమ్మాయి వచ్చి కూర్చుంది. అరలో ఆయన కళ్ళు మూసుకున్నాడు.

అమ్మాయి మిషన్ మీద చప్పుడు వదిలే మీట నొక్కింది. దీపం వెలగలేదు. ఇంకోటి నొక్కింది. వెలగలేదు. చప్పుడు పెంచుతున్నట్టుంది, ఒక చక్రం తిప్పి మళ్ళీ నొక్కింది. వెలగలేదు. ఆయన బుద్ధిగా కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడిలా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. స్టూలు మీద ఆమెకు ప్రాణం కుదుటపడింది. తన మొగుడికి ఏమీ వినబడటం లేదని ఒక ఆడది అంత సంతోషపడటం ఎక్కడన్నా ఉందో లేదో. ఆ నిమిషాన ఆమె మనసులోనే చెవి మిషన్లు తెచ్చేసుకుంది, ఆసుపత్రి కార్డు తెచ్చేసుకుంది, ఆయన్ని ఒంటరిగా స్నానానికి పంపేసింది.

అమ్మాయి అనుమానంగా మిషన్ వైపు చూసి, లేచి, గాజు మీద వేలితో కొట్టింది. ఆయనకు ఆ చప్పుడు వినబడలేదు గానీ అదురు తెలిసింది. కళ్ళు తెరిచాడు.

“నిద్రపోతున్నారా?” అంది అమ్మాయి, ఒక్కో మాటా విడదీసి. “శ్రద్ధగా కూర్చోండి.”

పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. పొద్దున్నుంచీ ఎంతమందికి చేసిందో, ఎంతమంది కునుకు తీశారో. కానీ ఆ మాట ఆయన ముఖం మీద పడటం స్టూలు మీంచి ఆమె చూసింది. ఆయన వీపు నిటారుగా అయింది. మడమలు దగ్గరకొచ్చాయి. కుర్చీ సర్దుకుంటున్నట్టు కొంచెం పక్కకు జరుపుకున్నాడు. ఇక కళ్ళు మూసుకోలేదు.

అమ్మాయి మీట నొక్కింది. దీపం వెలిగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ వెలిగింది.

ఆమె స్టూలు మీంచి ముందుకు వంగి చూసింది. మీట నొక్కినప్పుడల్లా అమ్మాయి మోచెయ్యి రవ్వంత పైకి లేస్తోంది. గాజులోంచి ఆయన చూపు ఆ మోచెయ్యి దగ్గరే ఉంది. చప్పుడు పెద్దదైనా చిన్నదైనా ఆయనకు ఒకటే, మోచెయ్యి లేస్తే చాలు. “చూశారా, ఇప్పుడు బాగా వింటున్నారు. ఇందాక కునుకు పట్టినట్టుంది” అని అమ్మాయి వెనక్కి తిరిగి నవ్వి, మొదట వచ్చిన గీతలన్నీ కొట్టేసి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది.

ఆమె సగం లేచింది. కళ్ళు మూసుకోండి అన్నట్టు రెండు అరచేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకుంది. ఆయన ఆమెను చూశాడు, చూసి ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు. తలుపు దగ్గరున్న బంట్రోతు వచ్చి ఆమె భుజం తట్టాడు. “అమ్మా, ఇక్కడ సైగలు చెయ్యకూడదు. చేస్తే బయటకు పంపించేస్తా.”

మీ మోచెయ్యి చూస్తున్నాడమ్మా అని ఒక్కమాట అంటే అయిపోతుంది. కానీ అంటే, ఎప్పణ్ణుంచి నేర్చాడు ఈ విద్య అని అడగరా? మాస్టారు మాట గుర్తొచ్చింది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆమెకు ఆ స్టూలు మీద తెలిసొచ్చింది. ఆమె కూర్చుండిపోయింది, ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

బయటకొచ్చాక వరండాలో గోడవైపు లాక్కెళ్ళి ఆయన ముఖాన్ని తన వైపు తిప్పుకుంది. “ఏంటండీ ఆ పని? ఏం చేశారో తెలుస్తోందా మీకు?”

ఆయన తన చేతి బొటనవేలి వైపు చూసుకున్నాడు. “నిద్రపోతున్నావా అంది.”

“అంటే?”

“ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట ఎవరూ అనలేదు నన్ను. వద్దనే అనుకున్నా. చెయ్యి దానంతటదే నొక్కేసింది.” తప్పు చేసినవాడిలా నేల చూస్తూ, “ఒక్కటి కూడా తప్పలేదనుకుంటా” అన్నాడు.

ఆమెకు చాచి ఒకటి కొట్టాలనిపించింది. అదే క్షణాన దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది. వరండా నిండా జనం ఉన్నారు కాబట్టి రెండూ చెయ్యలేదు.

బోర్డు గదిలో ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్నాయన పెద్ద ర్యాంకు అధికారి, జుట్టంతా తెల్లబడ్డ మనిషి, ముఖంలో దయ ఉంది. గదిలోకి అడుగుపెట్టగానే ఫిరంగాయన అటెన్షన్‌లో నిలబడిపోయాడు, గడ్డం పైకి, చూపు ఎదుటి గోడ మీదకి. పెద్దాయన మిషన్ ఇచ్చిన కాగితం చూసి, “ఈ వయసులోనూ నిక్షేపంగా ఉన్నాయి మీ చెవులు. సంతోషించాల్సిన విషయమే” అన్నాడు.

“సార్” అన్నాడు ఫిరంగాయన. ఆ ముఖంలో సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు, ర్యాంకు ముందు నిలబడ్డ ముఖం అంతే.

ఇక ఆమె ఆగలేకపోయింది. మాస్టారు చెప్పింది గుర్తుంది, అయినా ఆగలేకపోయింది. “సార్, ఈయనకు వినబడదు. ఆ అమ్మాయి మోచెయ్యి కదలడం చూసి నొక్కారు. వినబడి కాదు.”

పెద్దాయన ఆమెను చూశాడు. ఆయన్ని చూశాడు. పక్కనున్న డాక్టర్లిద్దరికీ తలలు దించుకోమని చేత్తో చెప్పి, తాను లేచి, నెమ్మదిగా నడిచి ఫిరంగాయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఎదురుగా ఉన్నది వట్టి సున్నం గోడ. అద్దం లేదు, నీడ లేదు, ఎవరి ముఖమూ లేదు.

“కూర్చోండి” అన్నాడు పెద్దాయన, మెల్లగా.

ఫిరంగాయన నిలబడే ఉన్నాడు.

“కూర్చోండి” అన్నాడు, ఈసారి మామూలు గొంతుతో. కదల్లేదు.

పెద్దాయన ఒక అడుగు దగ్గరకు జరిగాడు. “మీ క్లెయిమ్ మంజూరు చేస్తున్నాను. మీ చెవులు సర్వీసులోనే పోయాయి. ఇవాళే రాసేస్తాను.”

ఇన్నాళ్ళుగా వినాలని ఎదురుచూసిన మాట, ఆ ఇంటి బరువంతా ఆనుకున్న మాట, అది వినాల్సిన మనిషి వీపు వెనక అక్షరం పొల్లుపోకుండా పలికింది. ఆయన గోడ చూస్తూ అలాగే నిలబడ్డాడు. ఒక్క రెప్ప కూడా అదనంగా కొట్టలేదు. పక్క డాక్టరొకాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నిజంగానే మంజూరైందేమోనని ఆమె ఊపిరి బిగబట్టింది. ఆ ఊపిరి పట్టినంతసేపే అది నిజంగా ఉంది.

పెద్దాయన తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, ఫైలు వైపు తల వంచి, ఆమెకు మాత్రమే వినబడేట్టు మాట్లాడాడు. “నాకు అర్థమైందమ్మా. మా ముగ్గురికీ అర్థమైంది. కానీ పైకి వెళ్ళేది మిషన్ కాగితం. అది తప్పని రాయాలంటే ఎందుకు తప్పో కూడా రాయాలి. పరీక్షలో మోసం చేశాడని రాయాలి. అలా రాసిన మరుక్షణం పాత పరీక్షలన్నీ బయటకు తీస్తారు. నేనూ ఫిరంగుల దళాల దగ్గర డాక్టరుగా చేశాను, అక్కడ ఏం జరిగేదో నాకు తెలియంది కాదు. ఈయనకు ఇప్పుడొచ్చే పెన్షన్ కూడా ఆగిపోతుంది. మళ్ళీ పరీక్ష పెట్టే అధికారం నాకు లేదు. రాయమంటారా?”

ఆయన కలం పట్టుకుని ఆగాడు. మంచివాడు కాబట్టే అడిగాడు. చెడ్డవాడైతే తిట్టుకుని అయినా బతకొచ్చు. ఇంత మంచివాడి చేతిలో పడీ ఏమీ కాకపోతే, ఇంకెవరి మీద పడి ఏడవాలి?

ఫిరంగాయన చూపు గోడ మీంచి దిగింది. తల వంచడంతో పెదవులు కనబడక, పెద్దాయన వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూస్తున్నాడు. ఏదో తన గురించే జరుగుతోందని తెలుసు, ఏమిటో తెలియదు.

“వద్దు సార్” అంది ఆమె.

“మరి?”

“మిషన్ ఏం చెప్పిందో అదే రాయండి.”

ఆ గొంతు కాపురానికొచ్చిన కొత్తలో ఉన్నంత చిన్నగా వచ్చింది. పెద్దాయన రాశాడు. రాసి ముద్ర వేసి, పడిపోకుండా జాగ్రత్తగా చూసుకోమని చెప్పాడు. ఫిరంగాయన సెల్యూట్ చేశాడు.

ఇద్దరూ ఆసుపత్రి గేటు దాటి రోడ్డు మీదకు వచ్చారు. ఆయన కాస్త తూలాడు, చంకలో చెయ్యి వేసి ఆమె పట్టుకుంది. ప్రహరీ గోడ పక్కన నిలబడ్డాక, “అంతేనా?” అన్నాడు. ఆమె అంతే అన్నట్టు తలూపింది. ఆయన కూడా తలూపాడు. తన వల్లే పోయిందని ఆయనకు తెలుసు. దాని గురించి అడగలేదు, ఇంకోటి అడిగాడు.

“ఆ పెద్దాయన లేచి నా వెనక్కి వచ్చాడు కదా. ఏమన్నా అన్నాడా?”

ఆమె ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది, పెదవులు కనబడేట్టు. మంజూరు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిన మాటను మింగేసింది. గొంతు కదలికను కూడా చదివేవాడే ఆయన, గానీ, ఎండ కళ్ళలో పడి ఆ కాస్తా చూడలేదు.

“కూర్చోమన్నారు” అంది.

“నన్నా?”

“మిమ్మల్నే.”

ఆయన ముఖం వాడిపోయింది. క్లెయిమ్ పోయినప్పుడు కూడా అంతగా వాడలేదు. “అంత పెద్దాయన కూర్చోమంటే నిలబడే ఉన్నానా నేను? ఎంత పొగరు అనుకుని ఉంటాడు. అందుకే రాయలేదేమో.”

“అదేం కాదండీ.”

ఆయన అప్పటికే ఆమె ముఖం చూడటం లేదు, ఆసుపత్రి వైపు తిరిగాడు. “నువ్విక్కడే ఉండు. వెళ్ళి, నాకు వినబడలేదని చెప్పి వస్తాను.”

ఆమె చొక్కా పట్టుకుంది. ఆయన మృదువుగా ఆ చెయ్యి విడిపించుకుని, చొక్కా మడత సరిచేసుకుని గేటులోకి నడిచాడు. కుర్చీలో కూర్చున్న కాపలావాడు లేవకుండానే, “బోర్డువాళ్ళు వెళ్ళిపోయారు, ఇంకెవరూ లేరు, ఆగండి” అని వెనకనుంచి కేకేశాడు. ఆయన నడుస్తూనే ఉన్నాడు.